ఆపాల్సిన నీళ్లు

18 సెప్టెంబర్ 2022

పీహెచ్ పొద్దున 7.9, సాయంత్రం 8.6. నిన్నటి వానకు నీళ్ల రంగు తేలిపోయింది, సున్నం చల్లించాను. ఇవన్నీ చెరువు పుస్తకంలో రాయాల్సినవి, అందులో రాశాను కూడా. ఆ పుస్తకంలో రాయడానికి వీల్లేనివి ఇక్కడ రాసుకుందామని కూర్చున్నాను. నాకు భయంగా ఉంది.

రొయ్యలు వేసి ఇవాళ్టికి యాభై రెండో రోజు. ఇంకో నెల గట్టెక్కితే పంట చేతికొస్తుంది. ఈ రెండెకరాల చౌడులో వరి వేస్తే విత్తనాలు కూడా తిరిగి రాలేదు. బోరు వేస్తే ఉప్పునీళ్లు పడ్డాయి. ఊరంతా వచ్చి జాలిపడి చాయ్ తాగి వెళ్లింది. ఆ ఉప్పునీళ్లలో రొయ్యలు బతుకుతాయని చెప్పింది నేనే, బడిలో పిల్లలకు సైన్సు చెప్పిన నోటితోనే. అమరేందర్ ముందు నవ్వాడు, తరువాత జేసీబీని పిలిచాడు. మా ఆయనకు ఈ రెంటికీ మధ్య పెద్దగా సమయం పట్టదు.

ఆయన ఒక్కడే నమ్మితే ఇంత భయం ఉండేది కాదు. మాకు రెండు మళ్ల అవతల జాహేదా కూడా నమ్మింది. వాళ్లకున్నది ఒక్క ఎకరం, అంతే. ఆమె భర్త వహీద్ భాయ్ నల్గొండలో ఆటో నడుపుతాడు, చెరువంతా ఆమెదే. నీళ్ల పరీక్షలు నా దగ్గరే నేర్చుకుంది. పోయిన వారమే రొయ్య పిల్లలు వేసింది. "నీ మాట మీద తవ్విన మంజులక్కా. మునిగితే ఇద్దరం గలిసే మునుగుదాం" అని నవ్వుతుంది. ఆ నవ్వు విన్నప్పుడల్లా ఇంకోసారి అమ్మోనియా పరీక్ష చేసుకుంటాను.

24 సెప్టెంబర్

పీహెచ్ పొద్దున 8, సాయంత్రం 8.7. ఆయన మొహం రెండు పూటలా 4.

29 సెప్టెంబర్

జాహేదాకు మళ్లీ పాఠం చెప్పాను. బయటి వల లోపలికి రాకూడదు. బయటి కాళ్లు బ్లీచింగ్ నీళ్ల తొట్టిలో మునగకుండా గేటు దాటకూడదు. ఎప్పుడైనా తెల్లచుక్కల రోగం వచ్చిందా, చెరువులో నీళ్లు చుక్క కూడా బయటికి పోకూడదు. బ్లీచింగ్ చల్లి ఏడు రోజులు ఆపాలి. పిల్లకాలువ ఒకటే. మా చెరువు పైన, వాళ్లది కింద, లింగస్వామిది ఇంకా కింద. ఒకరు వదిలింది ఇంకొకరు తాగాల్సిందే.

ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ అప్పజెప్పింది. బడిలో ఇలాంటి పిల్లలు పదిమంది ఉంటే నేను ఉద్యోగం మానేసేదాన్ని కాదు. కాలువ నీళ్లను ముందు ఒక గుంటలో నిలబెట్టి శుద్ధి చేసుకుంటే మంచిదని కూడా చెప్పాను. గుంట తవ్వడానికి వాళ్లకు జాగా లేదు. పైపుకు సన్నటి బట్ట రెండు మడతలు కట్టుకుంది. బట్ట పురుగుల్ని ఆపుతుంది కానీ రోగాన్ని ఆపదు. ఆ సంగతి ఆమెకు చెప్పాను. చెప్పాననే అనుకుంటున్నాను.

3 అక్టోబర్

సద్దుల బతుకమ్మ. ఆడబిడ్డ శైలజ పండుగకు వచ్చింది. సాయంత్రం ఆట అయిపోయాక అత్తమ్మ ముప్పై మంది ఆడవాళ్లను వెంటేసుకుని మా చెరువు గేటు దగ్గరికి వచ్చింది. ఊరి కుంట దాకా ఎందుకు, మన ఇంటి నీళ్లు ఉండగా అని.

గేటుకు అడ్డం నిలబడ్డాను. పూలు కుళ్లితే నీళ్లు పాడవుతాయని, ముప్పై జతల కాళ్లు ఎక్కడెక్కడి బురద తెస్తాయో తెలియదని చెప్పాను. అందరిముందూ చెప్పాను.

"గౌరమ్మను ఇంట్లకు రావొద్దంటవా?" అంది అత్తమ్మ.

"ఇంట్లకు కాదత్తమ్మా, చెరువులకు."

"గీ చెరువు నా కొడుకుది. గౌరమ్మ కన్న నీ రొయ్యలు ఎక్కువైనయా?"

శైలజ నా చెయ్యి పట్టుకుని, "వదినా, ఒక్కటన్న ఇడువనియ్యి, అమ్మ ఇజ్జత్ పోతది" అంది మెల్లగా. ఒక్కటి కూడా ఒప్పుకోలేదు. ముప్పై బతుకమ్మలూ వెనక్కి తిరిగి కుంట దారి పట్టాయి. అత్తమ్మ నెత్తి మీది పళ్లెం కదలకుండా, మెడ తిప్పకుండా నడిచింది. చిన్నగా ఏడుపొచ్చింది. అయినా నేను చేసింది సరైనదే.

4 అక్టోబర్

అత్తమ్మ నాతో మాట్లాడటం లేదు. ఆయన కూడా అవసరమైనంతే. శైలజ మధ్యలో తిరుగుతూ ఇద్దరికీ చాయ్ అందిస్తోంది.

5 అక్టోబర్

దసరా. ఇంటి అల్లుడు నాగరాజన్నయ్య వచ్చాడు, శైలజ భర్త. ఆయనకూ హుజూర్‌నగర్ వైపు రొయ్యల చెరువుంది. నాకంటే ముందు నుంచీ చేస్తున్నాడు, నాకంటే ఎక్కువ తెలుసునని ఆయనకూ అత్తమ్మకూ గట్టి నమ్మకం. "మాది మొన్ననే పట్టించిన చెల్లె, జర ముంగట్నే" అన్నాడు. ఎందుకు ముందే అని అడగబోయేలోపు అత్తమ్మ బగారన్నం తెచ్చింది.

తిన్న తరువాత బండి వెనక గోనెసంచి విప్పి విసురు వల తీశాడు. "ఒక్కసారి ఇసిరి సూస్త, ఎంత సైజొచ్చినయో."

గేటు దగ్గర తొట్టి చూసి నవ్వాడు. కాలెత్తి దాటేశాడు. వల బ్లీచింగ్‌లో ముంచి ఎండబెట్టనిదే లోపలికి రాకూడదు. ఆ మాట నా నాలుక మీదిదాకా వచ్చింది. "అన్నయ్యా," అన్నాను.

అత్తమ్మ బతుకమ్మ నాటి నుంచి నన్ను చూడనిది అప్పుడు చూసింది. "అల్లుడు ఇంట్లనే కాళ్లు కడుక్కున్నడు," అంది. "గౌరమ్మను ఎళ్లగొట్టినవ్. ఇగ అల్లున్ని గూడ ఎళ్లగొడ్తవా?"

శైలజ తల వంచుకుంది. అమరేందర్ అటు తిరిగి, నీళ్లకు గాలి పట్టే ఏరేటర్ బాగు చేస్తున్నట్టు నటించాడు. అది బాగానే తిరుగుతోంది.

ఇంకొక్కసారి కాదనే ధైర్యం నాకు మిగల్లేదు. ఉన్నదంతా మొన్నటి పూల మీద ఖర్చయిపోయింది. "సైజు బాగనే వచ్చినయి అన్నయ్యా, జర సూడుండ్రి" అన్నాను.

ఆయన వల విసిరాడు. గొడుగులా విచ్చుకుని పడింది. అందరూ చప్పట్లు కొట్టారు.

వల పొడిగానే ఉంది.

6 అక్టోబర్

వల పొడిగానే ఉంది. సంచిలోంచి తీసినప్పుడు చెయ్యి పెట్టి చూడలేదు కానీ చూడటానికి పొడిగానే ఉంది. తడి లేని వలలో రోగం బతకదు.

9 అక్టోబర్

రెండు రోజులుగా ముసురు. నీళ్లు చల్లబడ్డాయి. మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రేలో కొద్దిగా మిగిలింది. ఇవాళ పౌర్ణమి, కుబుసం విడిచే రోజులు, మేత తగ్గడం మామూలే.

10 అక్టోబర్

పౌర్ణమి నిన్ననే కదా, ఇంకా రెండు రోజులు ఉంటుంది. విటమిన్ సి కలిపించాను.

11 అక్టోబర్

గట్టు అంచున ఆరు. నీళ్ల పైపైన, దిక్కు తెలియనట్టు తిరుగుతున్నాయి. ఒంటి మీద ఎర్ర జీర. తీసి చూడలేదు. రేపు వెలుతురులో చూస్తాను. అప్పుడు పొద్దున పదకొండు గంటలు. ఇంతకంటే వెలుతురు ఎక్కడి నుంచి వస్తుందో నాకే తెలియదు.

12 అక్టోబర్

ఇవాళ అంచున వందకు పైనే. ఒకదాని తల మీది పెంకు ఊడదీసి ఎండకు పట్టాను. తెల్లచుక్కలు, ఆవగింజంతవి. ఇంకోటి తీశాను. ఇంకోటి. పది తీశాక అమరేందర్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

కొనేటాయనకు ఫోన్ చేశాడు. ఈ సైజుకైనా తీసుకుంటానన్నాడట, రేపు లారీ పంపుతాడు. "రోగమని ఎవలికి చెప్పకు," అన్నాడు నాతో. "ఆయన చెవుల వడితే లారీ రాదు. మాల్ పట్టినంక ఊరంత దండోరెయ్యి, నేను అడ్డం రాను."

అదే సమయానికి జాహేదా ఫోన్. ఆయన ఎదురుగా నిలబడి పెదవి మీద వేలు పెట్టాడు.

"అక్కా, చెరువుల జానెడు నీళ్లు తగ్గినయి. కాల్వ పారుతున్నది, పెట్టుకోవాల్నా?"

"రెండు దినాలు ఆగు జాహేదా. పైన వరికి మందు గొడుతున్నరు."

"మంచిదైంది అడిగిన. ఎల్లుండి పెట్టుకుంటగని. నువ్వు ఫికర్ జెయ్యకు."

ఆపాను కదా. నిజం చెప్పకపోయినా నీళ్లు పెట్టుకోకుండా ఆపాను. రేపు లారీ వచ్చి వెళ్లాక అన్నీ చెప్తాను.

13 అక్టోబర్

లారీ రాలేదు. దారిలో చెడిపోయిందట, రేపు వస్తుంది. చచ్చినవి ఏరి సున్నం వేసి పాతిపెట్టాను, నాలుగు గంపలు. నడుం విరిగిపోయింది. ఏడవడానికి కూడా కూర్చోలేదు.

14 అక్టోబర్

వల లాగేవాళ్లు ఎనిమిది మంది వచ్చారు. నీళ్లు తీయకుండా పట్టమన్నాను. "నడుంలోతుల గుంజితే సగం మాల్ కిందనే ఉంటది అక్కా. మోకాళ్ల కాడికి రావాలె" అన్నారు.

అమరేందర్ తూము దగ్గరికి నడిచాడు. వెనక పరిగెత్తాను.

"ఏడు దినాలు ఆపాలె. కింద జాహేదా ఉంది, లింగస్వామి ఉన్నడు."

"ఏడు దినాలు ఆపితే ఒక్క రొయ్య మిగలది. మూడు నాలుగు దినాలల్ల అన్ని సస్తయని నువ్వే గద చెప్పినవ్?"

"చెప్పిన."

"మరి? కాల్వ నిండ పారుతున్నది మంజులా. గన్ని నీళ్లల్ల గిది ఎంత? ఏడికో కొట్టుకపోతది."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. పెళ్లయి పదిహేడేళ్లు, ఆయన ఏడవడం మామయ్య పోయినప్పుడు ఒక్కసారే చూశాను. తూము పలకమీద చెయ్యి వేసి ఉంచాను, కొద్దిసేపు. తరువాత తీశాను. తూము తెరిచింది ఆయనే. నేను తెరవలేదు.

నీళ్లు పిల్లకాలువలోకి దూకాయి. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా పారాయి. జాహేదాకు ఫోన్ చేయాలనుకున్నాను, చేతులనిండా జిగురు. చేతులు కడుక్కున్నాక వల లాగేవాళ్లకు అన్నం పెట్టాలి. అన్నం పెట్టాక లారీకి ఐసు.

ఇప్పుడు దీపాలు పెట్టే వేళకు కూర్చుని రాస్తున్నాను. పన్నెండో తేదీన రెండు రోజులు ఆగమన్నాను. ఎల్లుండి పెట్టుకుంటానంది. వేళ్ల మీద లెక్కపెట్టాను. మళ్లీ పెట్టాను. ఇవాళే.

15 అక్టోబర్

నిన్న రాత్రే అడుగున మిగిలిన నీళ్లలో బ్లీచింగ్ చల్లించాను. ఇవైనా ఆపుదామన్నాను. పొద్దున లేచేసరికి ఆయన అవి కూడా వదిలేశాడు, చెరువు తొందరగా ఎండాలట. ఒక రాత్రయితే ఆగాయి.

ఫోన్ చేయాలి.

16 అక్టోబర్

చేశాను.

"నీళ్లు పెట్టినవా జాహేదా?"

"నువ్వు చెప్పినట్టే రెండు దినాలు ఆగి, జుమ్మా నాడు పొద్దుగాలనే పెట్టిన అక్కా. అబ్బా, ఎంత నిండుగ పారిందో. గంటన్నరల జానెడెక్కింది."

"మేత తింటున్నయా?"

"మస్తు తింటున్నయి."

"మంచిది" అన్నాను. ఇంకేమైనా అనడానికి అది సమయమే. మా సంగతి చెప్పి, జాగ్రత్త అని, వెంటనే ఏం చల్లాలో చెప్పి ఉండొచ్చు. ఏం చల్లినా ఆగదని నాకు తెలుసు కాబట్టి చెప్పలేదని అనుకుంటున్నాను. నిజానికి సిగ్గుతో చెప్పలేదు.

17 అక్టోబర్

కాలువ పారుతోంది. పారే నీళ్లలో రోగం పలచబడుతుంది. ఆమె పైపుకు బట్ట కూడా ఉంది, రెండు మడతలు.

18 అక్టోబర్

ఎండ వచ్చింది. ఎండ మంచిదే.

20 అక్టోబర్

జాహేదా వచ్చింది. టిఫిన్ డబ్బాలో నీళ్లుపోసి అయిదు రొయ్యలు తెచ్చింది. చిటికెన వేలంత ఉన్నాయి, పాపం, నలభై రోజుల పిల్లలు. మూత తీసి వంటింటి గట్టు మీద పెట్టింది.

"జర సూడక్కా. పొద్దుగాల నుంచి కట్ట పొంటి తిరుగుతున్నయి. నాకు భయమైతాంది."

చూడకుండానే చెప్పగలను. అయినా పెంకు ఒలిచాను. ఆమె నా వేళ్లనే చూస్తోంది. చుక్కలు తనే ముందు చూసింది, ఎందుకంటే చూడటం నేర్పింది నేనే. కింద కూర్చుండిపోయింది.

"నేనేం తప్పు జేసిన అక్కా?" అంది. చీరకొంగులో చుట్టి తెచ్చిన నోటుబుక్కు విప్పింది. రోజూ రెండు పూటలా రాసుకుంది, ఒక్క గడి కూడా ఖాళీ లేదు. "గీ దినం అమ్మోనియ జర పెరిగింది, గదా? గా దినం ఇఫ్రా చెప్పులతోని లోపటికచ్చింది, నేనే సూస్కోలే. చిన్నపిల్ల, కొట్టిన గూడ దాన్ని. గందుకేనా?"

ఏడేళ్ల కూతుర్ని కొట్టిందట.

"ఇఫ్రా వల్ల కాదు," అన్నాను. "మాకు గూడ వచ్చింది. పట్టకముందే వచ్చింది."

ఆమె తలెత్తింది. ఇప్పుడు అడుగుతుంది, చెప్పేస్తాను, అనుకున్నాను. ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది. "అయ్యో అక్కా. మాకు ఒక్క మాట చెప్పకపోతివి. ఎంత బాధ పడ్డవో." చెయ్యి తీయకుండానే, "నీళ్లు ఆపిన్రా మరి?" అంది.

"ఆపినం" అన్నాను.

ఒక రాత్రి ఆపాం. అబద్ధం కాదు. అబద్ధమే.

21 అక్టోబర్

ఆమె రొయ్యలు అమ్ముడుపోయే సైజు కాదు. చెరువు మొత్తం చంపేయాల్సిందే. బ్లీచింగ్ చల్లడానికి నేనూ వెళ్లాను. వెళ్లకుండా ఎలా ఉంటాను?

వహీద్ భాయ్ ఆటో పక్కన పెట్టి కట్ట మీద నిలబడ్డాడు. "మోటర్ వెట్టి కాల్వలకు కొట్టేద్దాం. గీ కంపు నీళ్లు పెట్టుకొని ఏం జేస్తం? ఎండితే యాసంగికన్న వరి ఏస్కుంట."

"కింద లింగస్వామన్న చెరువున్నది" అంది జాహేదా.

"మనకోసం ఎవలన్న ఆపిన్రా?"

"ఎందుకు ఆపలే? మంజులక్కోళ్లు ఆపలేదా? అంత పెద్ద చెరువు వాళ్లే ఆపినప్పుడు మనకేమైంది?"

ఆయన నా వైపు చూసి, తలూపి, చీర ముక్కలు తెచ్చి ముక్కుకు కట్టుకున్నాడు. ఇద్దరూ చెరో పక్క నుంచి చల్లుకుంటూ పోయారు. పైపుకు అడ్డంగా మట్టిసంచులు పేర్చారు. రొయ్యలు ఎగిరెగిరి పడ్డాయి. అరగంటలో ఒక్కటీ ఎగరలేదు. నేను బకెట్లు అందించాను. నా వల్ల అయింది అదొక్కటే.

24 అక్టోబర్

దీపావళి. శైలజ ఫోన్ చేసింది.  మా సంగతి విని మెల్లగా చెప్పింది. "మాదాంట్ల గూడ గదే రోగం వదినా. దసరా ముంగట. గందుకే తొందరగ పట్టించిండు. పండుగ పూట చెప్పి మీ మనసు ఖరాబ్ జేసుడెందుకని చెప్పలే."

వంటింట్లో కోపంతో పొయ్యి ఆర్పేశాను. తెలిసి, ఆ వలనే తెచ్చి, నవ్వుకుంటూ విసిరాడు. ఫోన్ చేసి కడిగేద్దామనుకున్నాను. నంబరు తీశాను. ఎందుకు చెప్పలేదని అడగాలి కదా. ఆ ప్రశ్న నోట్లో ఒకసారి అనుకుని చూశాను. ఫోన్ కింద పెట్టాను.

అత్తమ్మ ఒక్క దీపమే పెట్టింది, చెరువు వైపు కాకుండా. ఈ మధ్య నాతో మాట్లాడుతోంది, చాలా మెత్తగా. అది ఇంకా కష్టంగా ఉంది.

25 అక్టోబర్

వాసన. గాలి తిరిగి జాహేదా చెరువు నుంచి ఇటు కొడుతోంది. అన్నం సహించడం లేదు.

26 అక్టోబర్

అమరేందర్‌తో అన్నాను, వెళ్లి వాళ్లకు చెప్పేద్దామని. "చెప్తే రొయ్యలు లేచొస్తయా?" అన్నాడు. రావు. అందులో ఆయన తప్పేం లేదు. "ఇద్దరి నడుమ మాట పోతది, గంతే." అదీ నిజమే. మా ఇంట్లో అందరూ నిజాలే మాట్లాడుతున్నాం.

28 అక్టోబర్

ఏడు రోజులు పూర్తయ్యాయి. ఇవాళ నీళ్లు వదులుతుందని తెలిసి పొద్దున్నే వెళ్లాను. చెప్పేయాలనే వెళ్లాను. దారిలో రెండు మళ్లు దాటేలోపే వాసనకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. ఏరి పాతిపెట్టగా మిగిలినవి అడుగున కుళ్లాయి. కట్ట మీద కుక్కలు కూడా లేవు. చుట్టుపక్కల వాళ్లు వారం నుంచి తలుపులు వేసుకుంటున్నారట, ఇఫ్రాను వాళ్ల అమ్మమ్మ ఇంటికి పంపారు.

జాహేదా లింగస్వామికి ఫోన్ చేస్తోంది. "అన్నా, ఇయ్యాల ఇడుస్తున్నం. ఏడు దినాలైంది, అయిన గాని మూడు దినాలు కాల్వ నీళ్లు పెట్టుకోకు. ఆ, తెల్లచుక్కలే. దాసుడెందుకు అన్నా." ఫోన్ కొంగులో చుట్టుకుని నన్ను చూసింది. మొహం పీక్కుపోయింది.

"జాహేదా, నీకొక మాట చెప్పాలె" అన్నాను.

ఆమె మట్టిసంచుల దగ్గరికి దిగింది. నా వైపు చూడకుండానే మాట్లాడింది.

"కంపుకు ఏడు రాత్రులు పండలే అక్కా. తిన్నది కడుపుల నిలవడలే. మూడోనాడు వహీద్ అన్నడు, మంజులక్కోళ్లు ఎట్ల తట్టుకున్నరు, అంత పెద్ద చెరువు అని. నేను గూడ గదే అనుకున్న. గాలి మీ దిక్కు నుంచే కొడ్తది గద మాకు. మీ మాల్ లారీ పోయిన కాన్నుంచి రోజూ మా ఆకిట్లనే కూసున్న. మీ చెరువు ఒక్కనాడు గూడ వాసన రాలే."

 చెప్పడానికి ఇక ఏమీ మిగల్లేదు.

ఆమె సంచి అంచు పట్టుకుని లాగింది. తడిసి బరువెక్కింది, కదల్లేదు. నేను దిగి రెండో పక్క పట్టుకున్నాను.

"నువ్వు చెయ్యి వెట్టకు అక్కా" అంది. కోపంగా అనలేదు. పక్కకు తప్పుకునేదాకా ఆగింది. తరువాత ఒక్కతే లాగింది.